వందో వంతు సాటర్న్-5: డబ్బా విప్పడం నుంచి నేలకు దించడం దాకా

దీపావళికి తారాజువ్వ పుల్లను సగానికి విరిచి వదిలే పిల్లలు మా వీధిలో ఒకరిద్దరు ఉండేవాళ్లు. పుల్ల పొడుగ్గా ఉంటే జువ్వ బుద్ధిగా పైకి పోయేది. విరిచారా, రెండు పల్టీలు కొట్టి ఎవరి వరండాలోకో దూరేది. ఆ పుల్ల ఎందుకుందో నాకు పాతికేళ్ల తర్వాత, డాలస్ దగ్గర మా ఇంటి గరాజ్‌లో సాటర్న్-5 కిట్ ముందేసుకుని కూర్చున్నప్పుడు గానీ సరిగ్గా బుర్రకెక్కలేదు. సాటర్న్-5కి ఆ పుల్ల లేదు. తోకన నాలుగు చిట్టి రెక్కలున్నాయి, అంతే.

నేను చెప్పబోయేది ఎస్టెస్ కంపెనీ వందో వంతు కొలతలో చేసిన, నిజంగా ఎగిరే బొమ్మ రాకెట్ కిట్ గురించి. చంద్రుడి మీదికి మనుషుల్ని తీసుకెళ్లిన అసలు రాకెట్ 363 అడుగులు, అంటే 110 మీటర్ల పైచిలుకు. దాని నడుము 10 మీటర్లు. మీ బల్ల మీద అది 110 సెంటీమీటర్ల ఎత్తు, 10 సెంటీమీటర్ల లావు ఉంటుంది. శ్రీహరికోటలో ఎగిరే పీఎస్‌ఎల్‌వీని ఇదే కొలతలో చేస్తే 44 సెంటీమీటర్లు, పక్కన పెడితే నడుము దాకా కూడా రాదు. నెల్లూరు నుంచి వచ్చిన మా మామగారు ఈ డబ్బా చూసి మొదట అడిగిన ప్రశ్న ఇది: "ఇంత కష్టపడి చేసింది ఎగరేస్తే మళ్లీ దొరుకుద్దా అల్లుడూ?" దొరుకుతుంది. ఎలాగో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఒక మాట ముందే. ఇది మీ మొదటి రాకెట్ కాకూడదు. ఒక గొట్టం, మూడు రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు ఉన్న చిన్న కిట్లు ముందు ఓ మూడు కట్టి ఎగరేయండి. పారాషూట్ తెరుచుకోకపోవడం, రెక్క ఊడిపోవడం, చెట్టుకు చిక్కుకోవడం లాంటివన్నీ వాటి మీద నేర్చుకుంటే ఖర్చు తక్కువ, ఏడుపూ తక్కువ.

బరువు లెక్క ముందు, జిగురు తర్వాత

ఈ కిట్‌ను చెడగొట్టేది చేతకానితనం కంటే ఎక్కువగా అతిశ్రద్ధ. ఇక్కడ కాస్త గట్టిగా ఉండాలని జిగురు, అక్కడ కాస్త నునుపుగా ఉండాలని ఇంకో పూత రంగు. చివరికి షోకేసులో బ్రహ్మాండంగా ఉంటుంది, ఎగరమంటే మాత్రం ఎగరలేదు.

ఒక లెక్క రాసుకుని గోడకు అంటించండి. డి12-3 అనే మోటారు (మందు బిగించిన, ఒక్కసారికే పనికొచ్చే గొట్టం) మోయగలిగే గరిష్ఠ బరువు 14 ఔన్సులు, అంటే 396 గ్రాములు. ఇందులో మోటారు బరువు కూడా కలిసే ఉంటుంది. మోటారే దాదాపు 43 గ్రాములు. మిగిలింది 353. రాకెట్, రంగు, జిగురు, పారాషూట్లు, వాటిని కాపాడే కాగితం అన్నీ కలిపి ఆ 353 లోపు ఉండాలి. వంటింట్లో పిండి తూచే డిజిటల్ మెషిన్ ఉంటే చాలు, ఇంకేం కొనక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందు ముక్కలన్నీ తూచి రాయండి. ప్రతి దశ తర్వాత మళ్లీ తూచండి. నాది రంగుకు ముందు 268 ఉంటే రంగు తర్వాత 322 అయ్యింది. యాభై నాలుగు గ్రాములు ఒక్క రంగుకే పోయాయి! పైగా రంగు ఎక్కువ పడింది తోక వైపు. తోక బరువెక్కితే ఏమవుతుందో కాసేపట్లో చెబుతాను.

మోటారు పేరు చదవడం తెలియకపోతే ఇది చూసుకోండి. డి అనేది మొత్తం తోపుడు ఎంతో చెప్పే తరగతి, ఒక్కో అక్షరం పైకి వెళ్లే కొద్దీ అది రెట్టింపవుతుంది. 12 అంటే సగటున 12 న్యూటన్ల తోపు. చివరి 3 అంటే మంట ఆగాక పారాషూట్ బయటికి తన్నే మందు పేలడానికి ముందు గడిచే సెకన్లు. ఆ చివరి అంకెదేముందిలే అని ఇందులో డి12-7 పెట్టారంటే రాకెట్ తలకిందులై నేలకు దూసుకొస్తున్నా పారాషూట్ రాదు. బరువైన రాకెట్ ఎక్కువ సేపు పైకి పోదు కాబట్టి ఆలస్యం కూడా తక్కువే ఉండాలి.

గొట్టాలు

సూచనల కాగితం రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా చదవండి. సోఫాలో కూర్చుని, చేతిలో కత్తి లేకుండా చదవండి. ఏ ముక్క ఏ ముక్కలో కూర్చుంటుందో జిగురు లేకుండా పెట్టి చూసుకోండి.

అట్ట గొట్టాల మీద గీతలు గీయాల్సి వస్తుంది. పెన్సిల్‌తోనే గీయండి. మార్కర్ గీత తెల్ల రంగు కింద నుంచి ఎన్ని పూతలేసినా ఊరి బయటికొస్తుంది. గొట్టం చుట్టూ వంకర లేని గీత కావాలంటే ఒక తెల్లకాగితం అంచు గొట్టానికి చుట్టి, అంచు మీద అంచు కలిసేలా పట్టుకుని గీయండి.

రెండు గొట్టాల్ని కలిపే లోపలి జోడు ముక్క దగ్గర నేను దెబ్బతిన్నాను. వుడ్ గ్లూ జోడు ముక్క మీద పూసి, మెల్లగా తిప్పుకుంటూ తోశాను. సగం లోపలికి పోయి అక్కడే ఆగిపోయింది. నీళ్ల జిగురు అట్టను ఉబ్బిస్తుంది, బిగుతుగా ఉన్న చోట ఆ ఉబ్బు క్షణాల్లో పట్టేస్తుంది. లాగినా రాదు, తోసినా పోదు. ఆ గొట్టం పోయింది, కొత్తది తెప్పించుకోవడానికి రెండు వారాలు పట్టింది. మీరు ఇలా చేయండి: జోడు ముక్క కాస్త బిగుతుగా ఉంటే ఉప్పు కాగితంతో రుద్ది వదులు చేయండి. జిగురు ముక్కకు కాకుండా గొట్టం లోపలి గోడకు పలచగా పూయండి. ఎంత లోపలికి పోవాలో ముందే పెన్సిల్ గుర్తు పెట్టుకుని, ఆగకుండా ఒక్క తోపులో గుర్తు దాకా తోసేయండి. అంత ధైర్యం లేకపోతే అరగంట పట్టే ఎపాక్సీ వాడండి. అది ఉబ్బదు, సర్దుకునే టైమ్ ఇస్తుంది. కాకపోతే బరువు ఎక్కువ, అగ్గిపుల్లతో గీసినంతే పూయాలి.

మోటారు కూర్చునే గొట్టం ఒక్కటీ కొంచెం ఎక్కువ జిగురు తిన్నా ఫర్వాలేదు. తోపంతా దాని మీదే పడుతుంది. అది వంకరగా ఉంటే రాకెట్ వంకరగా పోతుంది. ఆరేలోపు రాకెట్ చివర నుంచి కంటితో చూస్తూ నిటారుగా ఉందో లేదో సరిచేయండి.

చారల షీట్లు

సాటర్న్-5 నడుము చుట్టూ సన్నటి నిలువు చారల పట్టీలు కనిపిస్తాయి కదా. అసలు రాకెట్‌లో ఆ చోట్ల లోహపు గోడ రేకుల షెడ్డులా ముడతలతో ఉంటుంది, బలం కోసం. కిట్‌లో వాటి బదులు పల్చటి ప్లాస్టిక్ షీట్లు ఇస్తారు. చాలామంది కిట్ మూలన పడేసేది ఈ దశలోనే.

షీట్‌ను కత్తెరతో కోయకండి. ఇనుప స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో రెండుమూడుసార్లు తేలిగ్గా గీసి, వెనక్కి వంచితే గీత వెంబడే విరుగుతుంది. ఏ చారల మధ్య కోయాలో సూచనలు చెబుతాయి. ఒక్క చార అటూ ఇటూ అయినా చుట్టి రాగానే చివర్లు కలవవు. జిగురు లేకుండా గొట్టానికి చుట్టి, టేపుతో నిలిపి చూడండి. అతుకులన్నీ రాకెట్‌కు ఒకే వైపు, లాంచ్ రాడ్ (లేచేటప్పుడు రాకెట్‌ను నిటారుగా పట్టి ఉంచే ఊచ) దూరే సన్నగొట్టం ఉండే వైపు వచ్చేలా పెట్టుకుంటే ముందు నుంచి కనిపించవు.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ప్లాస్టిక్‌కు పట్టదు. ప్లాస్టిక్ కరిగించి అతికించే సిమెంట్ ఎక్కువైతే ఇంత పల్చటి షీట్ ముడుచుకుపోతుంది. సూపర్ గ్లూ పెడితే సర్దడానికి రెండో అవకాశం ఉండదు. నాకు పనికొచ్చింది కాంటాక్ట్ సిమెంట్, చెప్పులు కుట్టేవాళ్లు వాడే పసుపు రంగు జిగురు లాంటిది. ముందు ఒక తుంపు షీట్ మీద రాసి కరగడం లేదని చూసుకోండి. తర్వాత గొట్టానికీ షీట్‌కీ పల్చగా రాసి, తడి ఆరాక, ఒక అంచు పెట్టి మెల్లగా చుట్టుకుంటూ రండి. అంటుకుందంటే అంటుకున్నట్టే, అందుకే ఇద్దరుంటే మేలు. మా అమ్మాయి గొట్టం తిప్పింది, నేను షీట్ వదులుతూ వచ్చాను. ఇద్దరం మాట్లాడుకోకుండా పావుగంట కూర్చున్నది మా ఇంట్లో అదే మొదటిసారి అనుకుంటా.

కింద ఉండే నాలుగు శంకువు ముక్కలు, వాటి మీద రెక్కలు ఒకదానికొకటి సరిగ్గా తొంభై డిగ్రీల్లో రావాలి. అట్టముక్కకు గొట్టం సైజు రంధ్రం, నాలుగు గాట్లు పెట్టి అచ్చులా వాడుకోండి. ఒక్క రెక్క మెలికపడినా రాకెట్ బొంగరంలా తిరుగుతుంది.

పైన ఉండే ఎస్కేప్ టవర్ (అసలుదాంట్లో ప్రమాదం వస్తే వ్యోమగాముల్ని దూరంగా లాగేసేది) గురించి పెద్దగా చెప్పను. సన్నటి పుల్లల గోపురం అది, ఎంత బాగా కట్టినా ఏదో ఒక రోజు నేలకు తగిలి విరుగుతుంది. జిగురు సీసా దగ్గర పెట్టుకోండి.

రంగు

గొట్టం మీద మెలికలు తిరిగే గాళ్లు కనిపిస్తాయి. వుడ్ ఫిల్లర్‌ను నీళ్లతో దోసెపిండి కంటే కాస్త చిక్కగా కలిపి ఆ గాళ్లలో పూసి, ఆరాక 400 నంబరు ఉప్పు కాగితంతో పూర్తిగా రుద్దేయండి. గాళ్లలో ఉన్నది తప్ప మిగతాదంతా ఊడిపోవాలి. ప్రైమర్ కూడా అంతే, వేసినదాంట్లో సగం రుద్ది తీసేయడానికే. నేను ఈ రెండో భాగం ఒళ్లు బద్ధకంతో వదిలేశాను. పైన చెప్పిన 54 గ్రాముల్లో పెద్ద వాటా దానిదే.

తెల్ల రంగు దూరం నుంచి పొగమంచులా మూడు నాలుగు పూతలు. ఒకే పూతలో కప్పేయాలని చూస్తే చారల మధ్య రంగు నిండి చారలే మాయమవుతాయి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే చేయకండి, మెరుపు పోయి విభూతి పూసినట్టవుతుంది.

నల్ల పట్టీల దగ్గర ఒక చిట్కా. మాస్కింగ్ టేప్ వేశాక, టేప్ అంచు మీద ముందు మళ్లీ తెల్ల రంగే పల్చగా కొట్టండి. టేప్ కింద సందుల్లోకి ఊరేది ఆ తెలుపే ఊరుతుంది. ఆ తర్వాత నలుపు కొడితే అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. ఈ నలుపు తెలుపుల గళ్లు అలంకారానికి పెట్టినవి కావు. రాకెట్ తన చుట్టూ తాను ఎంత తిరుగుతోందో కింద కెమెరాల్లో తెలియడానికి పెట్టారు. ఇంటర్నెట్‌లో బొమ్మలు చూసి రంగు వేసేవాళ్లు ఒకటి గమనించాలి. ఎగరకుండా పరీక్షలకే నిలబెట్టిన 500-ఎఫ్ అనే సాటర్న్-5కి మొదటి దశ నడుము మీద ఒక నల్ల పట్టీ ఎక్కువ ఉండేది. ఎండకు లోపల వేడెక్కుతోందని తర్వాత ఎగిరినవాటికి దాన్ని తెల్లగానే ఉంచేశారు. అపోలో-11 చేస్తున్నారంటే 1969 జులై 16న 39ఎ లాంచ్‌ప్యాడ్ నుంచి ఎగిరినదాని ఫొటోలే చూడండి.

డీకాల్స్, అంటే నీళ్లలో తడిపి అంటించే అక్షరాల బొమ్మలు, గోరువెచ్చటి నీళ్లలో అరనిమిషం నానబెట్టి, వేలితో జార్చి పెట్టండి. పెట్టే చోట ముందు ఒక చుక్క నీళ్లుంటే అటూ ఇటూ సర్దుకోవచ్చు.

తారాజువ్వ పుల్ల పాఠం

ఇప్పుడు ఎగరడానికి సిద్ధంగా ఉన్నట్టే మొత్తం కూర్చండి. పారాషూట్లు, కాగితం, మోటారు అన్నీ లోపల ఉండాలి. కింద కనిపించే ఐదు ఎఫ్-1 ఇంజన్ల నాజిల్ ముక్క షోకేసు కోసం, అది తీసేసి మోటారు పెట్టండి. రాకెట్‌ను ఒక దారం మీద అడ్డంగా వేలాడదీయండి. ఎక్కడ పట్టుకుంటే అటూ ఇటూ వాలకుండా నిలుస్తుందో అది గరిమనాభి. స్కూల్లో చదువుకున్నదే.

ఇంకో బిందువుంది. గాలి పక్క నుంచి తోసినప్పుడు ఆ తోపంతా ఏ బిందువు దగ్గర పనిచేసినట్టుంటుందో అది. దాన్ని వెనక్కి లాగేది రెక్కలు. గరిమనాభి దానికంటే కనీసం ఒక గొట్టం లావంత, ఇక్కడైతే 10 సెంటీమీటర్లు, ముందుకు ఉండాలి. అలా ఉంటే ముక్కు పక్కకు వాలినప్పుడల్లా గాలే తోకను తోసి సరిచేస్తుంది. తారాజువ్వకు పొడుగు పుల్ల చేసే పని కూడా ఇదే, గాలి తోపును బాగా వెనక్కి లాగుతుంది. అసలు సాటర్న్-5 ఇంజన్లను అటూ ఇటూ తిప్పి దారి సరిచేసుకునేది, కాబట్టి చిన్న రెక్కలతో నెగ్గుకొచ్చింది. మీ మోటారు కదలదు. అందుకే తోక వైపు పడిన ప్రతి గ్రాము రంగూ గరిమనాభిని వెనక్కి లాగి మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది.

సూచనల్లో గరిమనాభి ఎక్కడుండాలో చెప్పి ఉంటే అక్కడికి సరిపోల్చండి. వెనక్కి ఉంటే ముక్కు లోపల కొంచెం బంకమట్టి పెట్టి ముందుకు తెండి, మళ్లీ తూచండి. 396 దాటుతోందా? అయితే డి12-3 పనికిరాదు. ఇ12-4 ఎంత బరువు మోస్తుందో దాని ప్యాకెట్ మీద చూసి, సరిపోతేనే అది వాడండి. ఇ మోటారు లావు అదే అయినా పొడుగు 70 మిల్లీమీటర్ల బదులు 95, కొంచెం బరువు కూడా. అది పెట్టాక గరిమనాభి మళ్లీ చూడాలి. మీ మోటారు గొట్టం, దాన్ని పట్టే కొక్కెం ఆ పొడుగుకు సరిపోతాయో లేదో కట్టేటప్పుడే చూసుకుని ఉండాలి.

అనుమానం ఇంకా ఉంటే గరిమనాభి దగ్గర దారం కట్టి, మూడు మీటర్ల తాడుతో తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుండి వెళ్తే మంచిదే. తోక ముందుకొచ్చినా, పల్టీలు కొట్టినా ఎగరేయకండి. ఇది పెరట్లో చేయండి. నేను హాల్లో చేసి సీలింగ్ ఫ్యాన్‌కు తగిలించాను.

మోటార్లు

ఇవి తుపాకీమందు బిగించి చేసినవి. ఇంట్లో తయారు చేసే ప్రయత్నం ఎప్పుడూ, ఏ వీడియో చూసీ చేయకండి. నెబ్రాస్కాలో చెప్పుల షాపు నడిపిన ఆర్విల్ కార్లైల్ 1950ల్లో మొదలుపెట్టిన ఈ సరదా ఇన్నాళ్లు నిలిచిందంటే, ఫ్యాక్టరీలో చేసిన మోటారు కొని, ఒకసారి వాడి పారేసే పద్ధతి వల్లే. అంతకుముందు పిల్లలు ఇనుప గొట్టాల్లో మందు కూరుకుని వేళ్లు పోగొట్టుకునేవాళ్లు.

కొన్న మోటార్లను అటక మీదా, కారు డిక్కీలోనూ పెట్టకండి. టెక్సస్ ఎండకు పగలు కాగి రాత్రి చల్లబడితే బిగించిన మందులో సన్నటి పగుళ్లొస్తాయి. ఆ పగులు గుండా మంట ఒక్కసారి అంతా అంటుకుని మోటారు రాడ్ మీదే పేలుతుంది. ఇంటి లోపల బట్టల అల్మరాలో, పిల్లలకు అందని పై అరలో పెట్టండి. స్టార్టర్లు, అంటే మోటారుకు నిప్పంటించే సన్నటి తీగలు, వేరే డబ్బాలో.

ఇండియా వెళ్లేటప్పుడు తమ్ముడి పిల్లలకని సూట్‌కేసులో రెండు మోటార్లు వేసుకెళ్దామనిపిస్తుంది. చెకిన్‌లోనూ కుదరదు, చేతి బ్యాగులోనూ కుదరదు, విమానంలో అవి నిషేధం. అక్కడ కూడా ఇవి పేలుడు పదార్థాల చట్టం కిందికొస్తాయి. మోటారు లేని ఖాళీ కిట్ తీసుకెళ్లొచ్చు.

ఎక్కడ, ఎప్పుడు

అమెరికాలో 1500 గ్రాముల లోపు బరువు, 125 గ్రాముల లోపు మందు ఉండి, కాగితం, చెక్క, పెళుసు ప్లాస్టిక్‌తో చేసిన రాకెట్‌కు విమానయాన శాఖ ముందస్తు అనుమతి అక్కర్లేదు. కానీ నేల యజమాని అనుమతి కావాలి. వేసవిలో ఎండుగడ్డి వల్ల కౌంటీలు నిప్పు మీద నిషేధం పెడతాయి, ఆ రోజుల్లో ఆలోచన మానేయండి. 1957లో మొదలైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ వాళ్ల భద్రతా నియమావళి ఒక పేజీయే, ప్రింట్ తీసి పెట్టుకోండి. దాని ప్రకారం డి మోటారుకు మైదానం చిన్న వైపు కూడా 500 అడుగులు, ఇ మోటారుకు 1000 అడుగులు ఉండాలి. దగ్గర్లో క్లబ్ ఉంటే వాళ్ల లాంచ్ రోజున వెళ్లడం అన్నిటికంటే సుఖం. గట్టి ప్యాడ్, మంచి బ్యాటరీ, చూసి చెప్పే పెద్దవాళ్లు అన్నీ ఉంటాయి.

గాలి విషయంలో నియమావళి 20 మైళ్ల వేగం దాకా ఒప్పుకుంటుంది. ఈ రాకెట్‌కు దాన్ని నమ్మకండి. బరువు ఎక్కువ, తోపు తక్కువ కాబట్టి రాడ్ వదిలేటప్పటికి నెమ్మదిగానే ఉంటుంది. ఆ క్షణంలో గాలి కొడితే ముక్కు గాలికి ఎదురు తిరిగి అడ్డంగా పోతుంది. చెట్టు ఆకులు కదిలీ కదలనట్టుండే తెల్లవారుజాము మీ సమయం. మేం ఏడింటికల్లా మైదానంలో ఉన్నాం. మా ఆవిడ ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చి, "రాకెట్ వచ్చినా రాకపోయినా ఫ్లాస్కు మాత్రం తెండి" అంది.

మడత, బిగింపు, బటన్

పారాషూట్ ఇంటి దగ్గర మడవకండి, మైదానంలోనే మడవండి. ముందు రాత్రి మడిస్తే ప్లాస్టిక్ అతుక్కుపోతుంది. మీద కొంచెం పాండ్స్ పౌడరు చల్లి మడిస్తే జారుతూ విచ్చుకుంటుంది. నిప్పంటని కాగితం సూచనల్లో చెప్పిన చోట, చెప్పినన్ని పెట్టండి. మామూలు టిష్యూ పేపరు వద్దు, అంటుకుని గడ్డి మీద పడుతుంది. పై భాగాన్ని, కింది భాగాన్ని నేను వేర్వేరు పారాషూట్లతో దించుతాను. ఒకే తాడుకు కడితే కింది గొట్టం ఊగి వచ్చి ఎస్కేప్ టవర్‌ను కొడుతుంది. పై భాగం చేతితో ఊపితే ఊడకూడదు, పట్టి లాగితే ఊడాలి. వదులైతే ఒక చుట్టు మాస్కింగ్ టేప్.

రాడ్ లావుది, పొడుగుది కావాలి. చిన్న కిట్లతో వచ్చే సన్నటి ఊచ ఈ బరువుకు వెదురులా ఊగుతుంది. నాలుగైదు అడుగుల పొడుగుంటే రాకెట్ వేగం అందుకునే దాకా పట్టి ఉంచుతుంది. కింద ఇనుప రేకు తప్పనిసరి. ప్యాడ్ చుట్టూ ఎండుగడ్డి పీకేసి, రెండు బకెట్ల నీళ్లు పక్కన పెట్టుకోండి.

స్టార్టర్ మోటారు లోపల మందుకు తగిలేదాకా దూర్చి, రంగు ప్లగ్‌తో బిగించండి. అంటుకోని లాంచ్‌ల్లో ఎక్కువ భాగం ఇక్కడ దూర్చడం తక్కువై ఆగినవే. కంట్రోలర్ (బటన్ ఉండే పెట్టె) తీగల చివర ఉండే రెండు క్లిప్పులు స్టార్టర్‌కు, ఒకదానికొకటి, రేకుకు తగలకుండా పెట్టండి. కంట్రోలర్ తాళం చెవి మీ జేబులో ఉండగానే ఇవన్నీ చేయాలి. డి మోటారుకు 15 అడుగులు, ఇ మోటారుకు 30 అడుగులు వెనక్కి రండి. పిల్లల్ని ఇంకా వెనక్కి పంపండి.

ఆకాశం చూడండి, విమానం లేదని. గట్టిగా అందరికీ వినపడేలా ఐదు నుంచి లెక్కపెట్టండి. మా లెక్క మామగారిది. సూళ్లూరుపేటలో మేడ మీద నుంచి ఎన్నో లాంచ్‌లు చూసిన మనిషి, ఆ గొంతులో దర్జా వేరు. సున్నా అన్నాడు, నేను బటన్ నొక్కాను, ఏమీ కాలేదు. "హోల్డ్ పెట్టారా?" అన్నాడు.

అలాంటప్పుడు పరిగెత్తుకెళ్లకండి. తాళం చెవి తీసేసి, వాచీ చూసుకుని 60 సెకన్లు ఆగండి. తర్వాతే దగ్గరికి వెళ్లాలి. మాది క్లిప్పులకు పట్టిన మసి. ఉప్పు కాగితంతో రుద్ది, కొత్త స్టార్టర్ పెట్టి మళ్లీ మొదలుపెట్టాం.

రెండోసారి లేచింది. చిన్న రాకెట్లు బటన్ నొక్కగానే కంటికి కనపడకుండా పోతాయి. ఇది అలా కాదు, అసలుదానిలా బరువుగా లేచి, చారలు కూడా కనిపించేంత తీరిగ్గా పైకి పోయింది. నా అంచనాకు అరవై డెబ్భై మీటర్లు. పైన ఒక్క క్షణం ఆగినట్టు అనిపించి, ముక్కు వాలుతుండగా టప్పుమంది, రెండు పారాషూట్లు.

దిగాక

ఇద్దరుంటే ఒకరు పై భాగాన్ని, ఒకరు కింది భాగాన్ని చూపు తిప్పకుండా చూడండి. పడిన చోటు వెనక ఉన్న చెట్టో స్తంభమో గుర్తుపెట్టుకుని ఆ గీత మీదే నడవండి. గాల్లో ఉండగా పట్టుకోవడానికి పరిగెత్తకండి. కరెంటు తీగలకు చిక్కుకుంటే రాకెట్ పోయినట్టే, కర్రతో లాగే ప్రయత్నం చేయకండి, కరెంటు వాళ్లకు ఫోన్ చేయండి.

ఖాళీ మోటారు కాసేపు వేడిగా ఉంటుంది, చల్లారాక లాగి చెత్తలో వేయండి. నేల మీద రాలిన కాలిన కాగితం ముక్కలు ఏరండి, లేకపోతే ఆ మైదానం వాళ్లు మిమ్మల్ని మళ్లీ రానివ్వరు. లోపల పారాషూట్‌ను పట్టి ఉంచే తాడు మొదట్లో ఎక్కడైనా కాలిందేమో చూడండి. నల్లబడితే మార్చాలి, అది తెగితే తర్వాతిసారి కింది భాగం రాయిలా పడుతుంది. రెక్కల మొదట్లో వేలితో నొక్కి చూడండి, పగులుంటే సన్నటి శబ్దం వస్తుంది.

మాది టవర్ విరిగింది, ఒక శంకువు ముక్క కొంచెం సొట్టపడింది. మామగారు గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని టవర్ పుల్లలు మూడూ ఏరి జేబురుమాల్లో కట్టి తెచ్చాడు. జిగురు ఆరడానికి రాత్రంతా పడుతుందంటే, "రేపు పొద్దున కూడా గాలి ఉండదులే" అన్నాడు.